ఉప్పు, పంచదార మన అంగడిలోనే యుండెను



గత నెలలో జరిగిన మన సంఘ కార్యవర్గ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. దసమంతపూర్‌లోని మన తెలుగు కుటుంబముల యువతీయువకులు ఊరి యువజన సంఘమున సభ్యులుగా చేరి, ఒడియా, కోంధ్, పరజ కుటుంబముల పిల్లలతో గలిసి చేతిపనులు, సేవాకార్యములు నేర్చుకొనవలెనని దాని సారాంశము. రెండు మాటలలో ముగియవలసిన విషయము రెండు గంటలు నడిచినది. తుదకు "ఈ విషయము పిదప ఆలోచింపబడును" అని వ్రాసి, టీ త్రాగి, ఎవరి యింటికి వారము వెళ్ళితిమి. మన మినిట్సు పుస్తకమున "పిదప" అను మాటకు అర్థమేమో, చాలకాలముగా ఆ పుస్తకము వ్రాయుచున్న మాకు బాగుగా తెలియును.

ఆ సమావేశమున మేము ఎక్కువగా మాటలాడలేదు. మాటలాడకపోవుట తప్పని ఇంటికి వచ్చిన తరువాత తోచినది. ఆ తప్పు దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు కొన్ని పెద్దలకు కటువుగా తోచవచ్చును. అయితే కటువైన మాటలలో మొదటిది మమ్ము గురించియే గనుక మన్నింతురుగాక.

2007వ సంవత్సరపు వర్షాకాలమును మన ప్రాంతమువారు మరచియుండరు. ఆ యేడు రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాలలో కలరా వ్యాపించినది. మన దసమంతపూర్ బ్లాకు గ్రామములును దాని వాత పడినవి. మూడు జిల్లాలలోను గలిపి నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అప్పటికి మేము ఇరువది యేండ్లు దాటిన యువకులము. మెట్రిక్యులేషన్ ప్యాసయిన వారము. త్రైరాశికము, చక్రవడ్డీ తడుముకొనకుండ చెప్పగలవారము. ఒక మధ్యాహ్నము కొండమీది గ్రామమునుండి ఒక తండ్రి తన బిడ్డను భుజముపై వేసికొని వచ్చి మా అంగడి అరుగుపై దింపెను. బిడ్డ కన్నులు లోతుకు పోయినవి, నాలుక పిడచగట్టినది. ఆసుపత్రికి కొనిపోవుటకు జీపు దొరకునప్పటికి చాలసేపు పట్టినది. అంతసేపును మేము చేసిన పని యేమి? విసనకర్ర తెచ్చి విసరితిమి. నీళ్ళు ఇచ్చినచో వాంతి యెక్కువగునని యెవరో అనగా, ఆ నీళ్ళు కూడ ఇయ్యక నిలుచుంటిమి.

మా వెనుక అంగడిలో ఉప్పు బస్తా యుండెను. పంచదార బస్తా యుండెను. కాచి చల్లార్చిన నీరు ఇంటిలో బిందెనిండ నుండెను. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి, కలిపి, గుటకగుటకగా త్రాగించుచుండవలెనని మాకు తెలియదు. వాంతియైనను కొంచె మాగి మరల త్రాగింపవచ్చునని తెలియదు. చేతిలో వెన్న పెట్టుకొని నేతికై తిరిగినట్లను సామెత మనము ఇతరులను గురించి యెన్నిమారులో వాడియుందుము. ఆనాడు అది మమ్ము గురించియే పుట్టినట్లుండెను. ఆసుపత్రి చేరిన తరువాత ఆ బిడ్డ దక్కెనో లేదో మేము విచారింపలేదు. ఆ తండ్రి మరల మా అంగడికి రాలేదు. మాకు అడుగు ధైర్యము చాలలేదనుటయే నిజము.

ఆ విద్య అప్పటికి క్రొత్తది కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలాది శరణార్థులు పశ్చిమ వంగమునకు వచ్చినపుడు, బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగినది. నరములోనికి ఎక్కించు సెలైను నిండుకొనగా, డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లములు కట్టించి, డ్రమ్ములలో నీటితో కలిపించి, రోగుల తల్లులచేతను, అన్నదమ్ములచేతను త్రాగించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచుండగా, ఆ సంఖ్య నాలుగు లోపునకు దిగినది. త్రాగించినవారు డాక్టర్లు కారు, నర్సులు కారు. పలకబలపము పట్టని పల్లెటూరి జనులు. వారికి ఎవరో చేసి చూపిరి, వారు చేసిరి. మహలనబిస్‌గారు 2022లో దివంగతులైరి. మరుసటి యేడు భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ్ ప్రకటించినది.

ఆ తరువాతి కథ మరింత గమనింపదగినది. 1980 మొదలు పదియేండ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అను సంస్థవారు ఇంటింటికి స్త్రీలను పంపి, కోటికిపైగా గృహములలో తల్లులకు ఈ పానకము కలుపుట నేర్పిరి. పంచదార లేని యిండ్లలో బెల్లము. చెంచా లేనిచోట మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము. నేర్పువారు చెప్పి వెళ్ళిపోవుట కాదు. ఆ తల్లిచేతనే కలిపించవలెను. కొన్ని దినముల తరువాత వేరొకరు వచ్చి ఆ తల్లిని ప్రశ్నింతురు. ఆమెకు ఎంత గుర్తున్నదో దానినిబట్టియే నేర్పినవారికి కూలి ముట్టును. మన పాఠశాలలలో, కోచింగు సెంటర్లలో ఇట్టి నియమమున్నచో ఎందరికి జీతము ముట్టునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

మేము చెప్పదలచినది ఇదియే. విద్య పుస్తకమున నున్నంతకాలము అది పుస్తకపు సొత్తు. చేతికి వచ్చిననాడే అది మనది. అంగడిలో సరుకున్నంతమాత్రమున ఆకలి తీరదు గదా! మా మెట్రిక్యులేషన్ చదువులో నీళ్ళవిరేచనములను గురించిన పాఠ మొకటి యుండెను. దానికి మాకు మార్కులును వచ్చినవి.

ఇక ఆ సమావేశమున పెద్దలు చేసిన ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి ఆక్షేపణ: "సంఘములలో తిరిగినచో చదువు చెడును." మన పిల్లలు పదునైదేండ్ల వయస్సునకే విశాఖపట్నము, విజయనగరము హాస్టళ్ళకు పోవుచున్నారు. ఉదయము అయిదు మొదలు రాత్రి పది వరకు చదువు. అందు కొందరు ఇంజనీర్లు, డాక్టర్లు అగుచున్నారు, సంతోషమే. మిగిలినవారు తిరిగివచ్చి మన అంగళ్ళలోనే కూర్చుండుచున్నారు. అట్లు వచ్చినవారిలో మా యింటివాడును ఒకడు. మొన్నటి గాలివానకు అంగడిలో ఫ్యూజు పోగా, విద్యుత్తును గురించి పరీక్షలలో నూటికి ఎనుబది మార్కులు తెచ్చుకొన్న ఆ కుర్రవాడు టార్చి పట్టుకొని నిలుచున్నాడు. ఫ్యూజు తీగ వేసినవాడు యువజన సంఘమునుండి వచ్చిన పరజ కుర్రవాడు. వాడు తొమ్మిదవ తరగతితో బడి మానినవాడు. మెయిను ఆపి గాని చేయి పెట్టలేదు. ఎవరి చదువు చెడినదని మేము ఆ రాత్రి మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి.

ఆదివారమునాడు మూడు గంటలు పని నేర్చుకొన్నంతమాత్రమున చెడిపోవు చదువు, అంతకుముందే చెడియున్నదని గ్రహింపవలెను. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు దేశమునందలి విద్యావేత్తలను సమావేశపరచి, చేతిపని మూలముగా చదువు నేర్పవలెనని చెప్పిరి. మనము ఆయన పటమునకు ఏటేట దండ వేసితిమి గాని ఆ మాట మాత్రము వినలేదు. అమెరికా దేశమున ఓహియో రాష్ట్రమందు 1902లో గ్రాహము అను ఉపాధ్యాయుడు రైతుబిడ్డలకొక సంఘము పెట్టెను. మొక్కజొన్న పండించుట, మట్టి పరీక్షించుట అందలి పాఠములు. విశ్వవిద్యాలయములవారు చెప్పిన క్రొత్త పద్ధతులను నమ్మని తండ్రులు, తమ పిల్లలు పెరటిలో పండించి చూపగా నమ్మిరి. నేడు ఫోర్-హెచ్ అను పేర లక్షలాది పిల్లలున్న సంస్థ కిట్టి సంఘములే మూలము. "చేయుచు నేర్చుకొనుము" అనునదే వారి సూత్రము. ఈత నీటిలో దిగినగాని రాదని మన పెద్దలు అంతకు వందల యేండ్ల క్రిందటనే చెప్పిరి; దిగనీయకపోవుటయే మన లోపము.

అంత దూర మెందుకు? మన జయపురమునకు సమీపమందలి పాత్రపుట్ గ్రామపు కమలా పూజారిగారిని తలచుకొందము. బడికి పోవు భాగ్యము కలుగని పరజ స్త్రీ. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ జయపురము శాఖవారితో గలిసి పనిచేయుచు, నూరు రకములకు పైబడిన దేశవాళీ వరి విత్తనములను సేకరించి, పండించి, కాపాడినది. 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలైనది, 2019లో పద్మశ్రీ పొందినది, 2024లో స్వర్గస్థురాలైనది. కోరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయమును ప్రపంచ వారసత్వముగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించినదనిన, ఆ గౌరవమున ఇట్టి చేతులకు వాటా కలదు. ఆ ధాన్యము మన కాటాల మీదుగానే పోయినది. ఒక్క రకపు పేరైనను మన పిల్లలలో ఎందరు చెప్పగలరు? కొన్నది మనము, అమ్మినది మనము. ఎరుక మాత్రము వారిది.

రెండవ ఆక్షేపణ: "ఒడియావారితో, కొండజాతులవారితో కలిసినచో మన భాష, మన మర్యాద పోవును. కావలెననిన మనకు వేరుగా తెలుగు యువజన సంఘము పెట్టుకొందము." ఈ మాట అన్నవారి మాతృభాషాభిమానమును మేము శంకింపము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడినపుడు, అంతవరకు విశాఖపట్నము జిల్లాలో భాగమైయున్న ఈ జయపురము సంస్థానము ఇటు వచ్చినది. నాటినుండి మనము అల్పసంఖ్యాకులము. మాతృభాషలో ప్రాథమిక విద్య పొందు వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ వసతికై మన సంఘము వ్రాసిన అర్జీలు దొంతరలుగా నున్నవి. ఆ పని ఇకముందును సాగవలసినదే. కాని ఆ హక్కు వేరు, ఈ గోడ వేరు. హక్కు మనలను నిలబెట్టును. గోడ మనలను ఒంటరులను జేయును.

భాష యెట్లు పోవుచున్నదో కన్నులు తెరచి చూడుడు. మన పిల్లలు తెలుగు మరచుట పరజ పిల్లలతో బోరింగు బాగుచేయుటవలన గాదు. ఇంటిలో మనము తెలుగు పుస్తకము కొనకపోవుటవలన. లెక్కలపుస్తకము తెలుగున వ్రాయుట మానుటవలన. ఉగాదినాడు పచ్చడి, పంచాంగము, సన్మానములతో మన భాషాసేవ ముగియుటవలన. భాషను బ్రతికించినది సన్మానములు గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు ఇరువది యెనిమిదేండ్ల వయస్సున పుస్తకములను పడవకెక్కించి కాలువవెంబడి గ్రామగ్రామమునకు చేర్చిరి. పడవ నడుపుట, పుస్తకము అరువిచ్చుట, పద్దు వ్రాయుట, చదువురానివారికి చదివి వినిపించుట, అన్నియు చేతిపనులే. అట్టి పనులలో తెలుగు బలిసినది.

పొరుగుభాష నేర్చినచో స్వభాష చెడునను భయమునకు గిడుగు వేంకటరామమూర్తిగారి జీవితమే సమాధానము. నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలతో మాటలాడి మాటలాడి వారి భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టిరి. ప్రభుత్వము పారితోషికమీయబోగా, ఆ సొమ్ముతో సవరల కొక బడి పెట్టుమని కోరిరి. 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువరించిరి. ఆయన తెలుగు చెడెనా? ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29నే గదా మనము తెలుగు భాషాదినోత్సవము జరుపుకొనుచున్నాము! జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు తెలుగు, ఒడియా రెండు భాషలలోను రచనలు చేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చిన దాత. రెండు భాషల మనిషి అగుటవలన ఆయన చిన్నవాడు కాలేదు.

ఇంకొక మాట. మన సంతకు వచ్చు కోంధులు మాటలాడు కువి భాషయు, మన తెలుగును ద్రావిడ భాషలలో ఒకే ఉపశాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. అనగా తమిళముకంటెను, కన్నడముకంటెను కువి మనకు దగ్గరి చుట్టము. తరతరములుగా ఆ చుట్టముతో కాటాకు ఆవలివైపున బేరమాడితిమే గాని, పీట వేసి కూర్చుండబెట్టలేదు. వేరు సంఘము పెట్టుకొందమనువారు ఆ కాటానే గోడగా కట్టుమనుచున్నారు.

1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపమున స్కౌటు ఉద్యమమునకు మొదటి శిబిరము పెట్టినపుడు ఇరువదిమంది బాలురను తీసికొనిపోయెను. సగము మంది సంపన్నుల పాఠశాలలవారు. సగము మంది పనివారి బిడ్డలు. వారిని వేరువేరు గుడారములలో పెట్టలేదు. ప్రతి దళమున రెండు తెగలవారిని కలిపెను. కులాంతరముల మాట యెరుగని దేశమున కూడ అంతస్తుల గోడ యుండెను. అది కూలుటకు కలిసి వంటచేయుటయే మందని ఆయన గ్రహించెను. వ్యక్తిత్వ వికాసమని పెద్ద పేరుతో నేడు నగరములలో వేలరూపాయలు తీసికొని నేర్పుచున్నది ఇంతకంటె వేరు గాదు. కాటా ఈవలివైపునుండియే లోకమును చూచిన షావుకారు బిడ్డ, ఒక పరజ దళనాయకుని ఆజ్ఞకు లోబడి బురదలో దిగి గడ్డపార వేసిననాడు, వాని తలలో నేదో దిద్దుబాటగును. అది ఏ కోచింగు సెంటరులోను దొరకదు.

మూడవ ఆక్షేపణ: "యువజన సంఘములనిన చందాలు, మైకులు, రాజకీయములు." ఇందు నిజము కలదు. పూజాకాలమున రసీదుపుస్తకము పట్టుకొని అంగడిముందు బైఠాయించు సంఘములను మేమును ఎరుగుదుము. పేరు కాగితముపైననే యుండి, ఓట్ల సమయమున మేల్కొను సంఘములును కలవు. 1972లో నెహ్రూ యువక కేంద్రములు ఆరంభమైనప్పటినుండి దేశమంతట గ్రామగ్రామమున యువజన సంఘములు లేచినవి, అన్నియు నిలువలేదు. 2023 అక్టోబరు 31న కేంద్రప్రభుత్వము మేరా యువ భారత్ అను సంస్థ స్థాపించినది. పదునైదు మొదలు ఇరువది తొమ్మిదేండ్ల వరకు గల యువజనులు అందు పేరు నమోదు చేసికొనవచ్చును. పేరు నమోదైనంతమాత్రమున పని నేర్చినట్లు గాదనియు చెప్పుచున్నాము. ఫోనుమీద వచ్చు సర్టిఫికేటు ఫ్యూజు తీగ వేయలేదు.

కాని ఈ దోషమునకు మందు దూరముగా నుండుట గాదు, లోనికి పోయి సరిచేయుట. సంఘములు చెడిపోవుటకు తొలి కారణము లెక్కలు లేకపోవుట. లెక్కలు వ్రాయుట మన యింటి విద్య గదా! రోకడి, ఖాతా, చిట్టా మన పిల్లలకు ఊగుతొట్టెలోనే వినబడినవి. మన పిల్లవాడొకడు కోశాధికారిగా నుండి, నెలనెల జమాఖర్చులు గోడకు అంటించినచో, చందాల దందా తనంతటదియే అణగును. వారు మనకు బోరింగు విప్పుట నేర్పుదురు. మనము వారికి పద్దు వ్రాయుట నేర్పుదము. పరస్పరము నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి బేరము ఏ వర్తకుడైనను చేయగలడా?

ఊరి సంఘమునకు ఒక రేకుల గది, ఒక క్యారమ్ బల్ల, రెండు వాలీబాలు స్తంభములు తప్ప ఆస్తి లేదు. అయినను గత వేసవిలో మన వీధి చివర బోరింగు మూడువారములు మూలబడియుండగా, ఆ కుర్రవాండ్రు మెకానిక్కు వెంటనుండి పైపులు పైకి లాగి, వాషర్లు మార్చి, నీరు తెప్పించిరి. మన యిండ్ల స్త్రీలు నేటికిని ఆ నీరే త్రాగుచున్నారు. పైపులు లాగినవారిలో మన పిల్లవాడు ఒక్కడును లేడు. ఆనాడు మనవారు చేసినది అరుగులపై నిలిచి చూచుట. చేతులు కట్టుకొని చూచుట మన వంశపారంపర్యము కాకుండుగాక!

నాలుగవ ఆక్షేపణ నోటితో చెప్పినవారు ఒకరిద్దరే, మనసున నుంచుకొన్నవారు పెక్కుమంది: "ఆడుపిల్లలు కూడనా?" అవును, వారే మొదట. ఇంటిలో బిడ్డకు విరేచనములైనపుడు మొదట చేయిచాచునది తల్లియో, అక్కయో. పాము కరచినపుడు గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించరాదు. కరచిన అవయవమును కదలనీయక, నాటువైద్యమునకై కాలము గడపక, విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. వర్షాకాలమున పాములు ఇండ్లలో జొరబడు మన ప్రాంతమున ఈ నాలుగు మాటలు తెలియని ఆడుపిల్లకు కుట్టుమిషను, ముగ్గులు మాత్రమే నేర్పి, సంసారము చేసికొమ్మని పంపుట ఏమి న్యాయము? సమయము పగటివేళగాను, స్థలము బడి ఆవరణగాను, ఇద్దరు తల్లులు వంతులవారీగా తోడుగాను ఏర్పరచుకొనవచ్చును. మనసుండవలెను గాని మార్గమునకు లోటు లేదు. కమలా పూజారిగారిని ఇల్లు దాటనీయకుండినచో ఆ విత్తనములు ఏమైయుండెడివో ఆలోచింపుడు.

ఇక మన వర్తకుల స్వార్థమునే యెత్తి చూపుదము. ఏలయన స్వార్థము మాటలాడిననే మనకు శ్రద్ధగా వినుట అలవాటు. మన తాతల వ్యాపారము ఉప్పు, కిరసనాయిలు, బట్ట ఇచ్చి, చోడి, వలిసెలు, చింతపండు, అల్లము కొనుటతో నడిచినది. ఆ కాలము గతించినది. 2017లో ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల పథకము ఆరంభించిన తరువాత చోడిని ప్రభుత్వమే మద్దతు ధరకు కొనుచున్నది. స్వయంసహాయక బృందముల స్త్రీలు పిండి మర నడుపుచున్నారు. 2024లో కోరాపుట్ కాలాజీర బియ్యమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకనాడు మన అరుగుక్రింద నిలిచి ధర అడిగినవారి బిడ్డలు నేడు ఫోనులో ధర చూచుకొని వచ్చుచున్నారు. మంచిదే, ఆ మార్పు రావలసినదే. మన కాటాలవద్ద అన్ని వేళల న్యాయమే జరిగినదని గుండెమీద చేయివేసి చెప్పగలవారు ఎందరు?

ఈ క్రొత్త కాలమున మన బిడ్డలకు పాత అరుగు నిలువదు. ధాన్యమున తేమ యెంతో, ఏ రకమునకు ఏ పేరో, మర యెట్లు చెడునో యెట్లు బాగగునో, దేశియా మాటలో రైతుతో ఎట్లు మర్యాదగా మాటలాడవలెనో తెలిసినవాడే ఇచట బ్రతుకగలడు. అది తెలియనివాడు అంగడి మూసి విశాఖపట్నము పోవును. ఇప్పటికే మన వీధిలో ఎన్ని తలుపులకు తాళములు పడినవో సాయంకాలము నడచి లెక్కపెట్టుడు. తెలుగు పోవునను భయముతో ఊరి పిల్లలనుండి మన పిల్లలను వేరుచేసితిమి. తుదకు ఊరినుండియే వేరై వారు వెళ్ళిపోవుచున్నారు. తెలుగు మాటలాడువారే లేనిచోట తెలుగు సంఘ మెవరికి?

కావున కార్యవర్గమువారికి మూడు విన్నపములు చేయుచున్నాము.

ఒకటి: "పిదప" అను మాట కొట్టివేసి, రాబోవు సమావేశముననే ఈ ప్రతిపాదనను తీర్మానముగా గైకొనవలెను. వేరు సంఘము వద్దు. ఊరి సంఘముననే చేరవలెను.

రెండు: ఉగాది సన్మానములకు, శాలువలకు వ్యయపరచు సొమ్ములో సగము తీసి, ఆ రేకుల గదికి పనిముట్ల పెట్టెయొకటి, ప్రథమచికిత్స పెట్టెయొకటి, తెలుగు, ఒడియా పుస్తకముల బీరువాయొకటి సమకూర్పవలెను. శాలువలు కప్పించుకొన్నవారిలో మేమును ఒకరము గనుక ఈ మాట చెప్పుటకు మాకు అధికారము కలదనుకొందుము.

మూడు: చేరిన ప్రతి సభ్యుడును ఏడాదికొక పని చేతితో నేర్చుకొని, తనకు వచ్చినదొకటి వేరొకరికి నేర్పవలెనను నియమము పెట్టవలెను. నేర్చినదనుటకు సర్టిఫికేటు సాక్ష్యము కారాదు. బంగ్లాదేశ్‌లో చేసినట్లు, కొన్ని వారముల పిమ్మట వేరొకరు వచ్చి చేయించి చూడవలెను. మొదటి పాఠముగా ఉప్పు, పంచదార కలుపుట పెట్టవలెనని మా కోరిక. ఆ సరుకు మా అంగడినుండి ఉచితముగా వచ్చును.

పెద్దలు కోపగింపకుందురుగాక. మా యింటి కుర్రవాని పేరును, వాని చెల్లెలి పేరును గత ఆదివారమే ఊరి సంఘపు పుస్తకమున వ్రాయించితిమి. అబ్బాయి మొదట సిగ్గుపడెను. తొలినాడు సైకిలు ట్యూబునకు అతుకు వేయబోయి రెండుమారులు చెడగొట్టెను. మూడవమారు గాలి నిలిచినది. అమ్మాయి లీటరు గిన్నె, చెంచా పట్టుకొని కొలత చెప్పుచుండగా, మేము వెనుక నిలిచి వింటిమి. పదునెనిమిదేండ్లు ఆలస్యముగా మేమును నేర్చుకొంటిమి.

మరల వర్షాకాలము వచ్చును. మరల ఎవరో ఒక తండ్రి బిడ్డను భుజమున వేసికొని మన అరుగులలో ఏదో యొక అరుగెక్కును. ఆనాడు లోపలినుండి లేచివచ్చు పిల్లచేతిలో విసనకర్ర యుండవలెనా, గ్లాసు యుండవలెనా యను ప్రశ్నను మీ యెదుట నుంచి, ఇంతటితో విరమించుచున్నాము.